ఒక టోటల్ లాస్ కేసు: కారును బాగు చేయించాలా, వదులుకోవాలా

ఇరవై ఏళ్లు లైసెన్సు ఉన్న సర్వేయర్‌గా ఇన్సూరెన్స్ కంపెనీల కోసం యాక్సిడెంట్ బండ్లు చూశాను. కొన్నేళ్లుగా ఇటువైపు కూర్చుని పాలసీదారులకు క్లెయిముల్లో సలహా ఇస్తున్నాను. ఈ కేసు పెద్ద మొత్తానిది కాదు. పాలసీలో 1,32,000 రూపాయల విలువ రాసి ఉన్న పాత కారు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో నేను మొదట పట్టిన దారి తప్పు. ఎక్కడ తప్పానో చెబితే, ఇంటి మనిషిలా చూసుకున్న బండి పోయినవాళ్లకూ, వాళ్లకు సలహా ఇచ్చేవాళ్లకూ పనికొస్తుందని నమ్ముతున్నాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాశాను. పేర్లు, కంపెనీలు, బండి మోడల్ ఏవీ చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

నేపథ్యం

ఆయన రిటైరైన జూనియర్ కాలేజీ లెక్చరర్. వయసు 67. భార్య పోయి మూడేళ్లయింది. కూతురు హైదరాబాద్‌లోనే వేరే ఇంట్లో ఉంటుంది. కారు 2013 చివర్లో కొన్న చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నిజానికి అది భార్య కోసం కొన్నది. ఆమె 52 ఏళ్ల వయసులో డ్రైవింగ్ నేర్చుకున్నారు. మనిషి పొట్టి కావడంతో స్టీరింగ్ మీదుగా రోడ్డు సరిగ్గా కనబడేది కాదు. పాత పోచంపల్లి చీర కత్తిరించి డ్రైవర్ సీటుకు ఒక మెత్త కుట్టుకున్నారు. ఆమె పోయాక కూడా ఆ మెత్త అక్కడే ఉంది. సార్ బండి తీసేటప్పుడు దాన్ని పక్క సీట్లో పెట్టేవారు, ఇంటికొచ్చి బండి ఆపాక మళ్లీ డ్రైవర్ సీట్లో పెట్టేవారు. ఈ సంగతి నాకు మొదటి రోజు తెలియదు. తెలిసుంటే మొదటి వారం వేరేలా నడిచేదేమో.

2024 అక్టోబరులో ఒక శనివారం సాయంత్రం, వాన పడుతుండగా, ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) సర్వీస్ రోడ్డు మీద ముందు వెళ్తున్న లారీ సడన్‌గా ఆగింది. ఈయన బ్రేక్ వేశారు, బండి ఆగింది కూడా. వెనక వస్తున్న డీసీఎం వ్యాన్ ఆగలేదు. కారు రెండింటి మధ్య నలిగింది. సీట్ బెల్ట్ పెట్టుకుని ఉండటంతో పక్కటెముకలకు దెబ్బ, చేతికి మూడు కుట్లతో బయటపడ్డారు. డీసీఎం డ్రైవర్ మీద ఎఫ్‌ఐఆర్ అయింది. క్రేన్ పెట్టి కారును ఒక కారు కంపెనీ వర్క్‌షాప్‌కు చేర్చారు. సోమవారం కూతురు ఫోన్ చేసి క్లెయిమ్ నమోదు చేయించింది. ఇక్కడి నుంచి రోజుల లెక్క ఆ సోమవారం నుంచే చెబుతాను.

నా దగ్గరికి వచ్చేసరికి

41వ రోజు తండ్రీకూతుళ్లిద్దరూ వచ్చారు. ఫైల్లో ఉన్నది ఇది: వర్క్‌షాప్ ఎస్టిమేట్ 2,36,000. పాలసీలోని ఐడీవీ, అంటే బండి పూర్తిగా పోతే కంపెనీ లెక్కగట్టే విలువ, 1,32,000. సర్వేయర్ టోటల్ లాస్ అని, అంటే రిపేర్ గిట్టదు, బండి పూర్తిగా పోయినట్టే లెక్క అని తేల్చాడు. ఆన్‌లైన్ వేలంలో ఆ తుక్కు బండికి ఒక కొనుగోలుదారు 52,000 పాడాడు. ఆ పాటకు 30 రోజుల గడువు. కంపెనీ ఇస్తామన్నది, ఐడీవీలోంచి కంపల్సరీ డిడక్టిబుల్ (పాలసీదారు తానే భరించాల్సిన వాటా) 1,000, సాల్వేజ్ (తుక్కు బండి విలువ) 52,000 తీసేసి 79,000. బండిని కొనుగోలుదారుకు ఇస్తే అతను 52,000 ఇస్తాడు, మొత్తం 1,31,000. బండి ఉంచుకుంటే 79,000 మాత్రమే.

సార్ దేనిమీదా సంతకం పెట్టలేదు. "వాళ్లు బండి పోయిందంటున్నరు. పోలేదు సార్, వర్క్‌షాప్‌ల ఉంది. నేను రోజూ పోయి చూసొస్తున్న. బాగు చేయియ్యుమంటే చేయరట." ఇదీ ఆయన మాట. రోజూ వెళ్తున్న మాట నిజమే. పక్కటెముకల నొప్పితో, రెండు బస్సులు మారి.

ఈలోపు ఎనిమిదో రోజు నుంచి వర్క్‌షాప్ వాళ్లు రోజుకు 400 పార్కింగ్ ఛార్జీ వేస్తున్నారు. రిపేర్‌కు ఒప్పుకోకుండా, తీసుకెళ్లకుండా బండి వదిలేస్తే ఇలా మీటర్ తిరుగుతుందని చాలామందికి బిల్లు చేతికొచ్చేదాకా తెలియదు.

ఆయన కంపెనీకి స్వయంగా రాసిన ఉత్తరం కూడా ఫైల్లో ఉంది. చేత్తో రాసిన నాలుగు పేజీలు. మొదటి మూడు పేజీలు భార్య గురించి, ఆమె మొదటిసారి ఒంటరిగా యాదగిరిగుట్ట దాకా నడుపుకుంటూ వెళ్లిన రోజు గురించి. నాలుగో పేజీ చివర్లో ఒకే వాక్యం, "మీ వేలం ధర న్యాయంగా లేదు" అని. కంపెనీ నుంచి రెండు లైన్ల జవాబు వచ్చింది, క్లెయిమ్ నిబంధనల ప్రకారమే తేల్చామని. ఆ జవాబు చూసి ఆయన బాగా గాయపడ్డారు. అవతల ఉత్తరం చదివిన మనిషికి ఏం చేయాలో తెలిసి ఉండదని నా అనుభవం. ఆ ఉత్తరంలో అతను ఒప్పుకోగలిగిన, కాదనగలిగిన కోరిక ఏదీ లేదు. సార్‌కు మాత్రం అది రాయకుండా ఉండటం సాధ్యం కాదు. ఆ ఉత్తరాన్ని ఫైల్లోంచి తీసి ఆయన చేతికే ఇచ్చి, ఇది ఇంట్లో జాగ్రత్తగా పెట్టుకోండి, కంపెనీకి వేరేది రాద్దాం అన్నాను.

వెళ్లేటప్పుడు తండ్రి లిఫ్ట్ దగ్గరికి నడుస్తుంటే కూతురు ఆగింది. "సార్, పోయినసారి రెన్యూవల్ నేనే చేసిన, ఫోన్ల. ఐడీవీ అని ఒక గీత ఉంటది కదా, అది జరిపితే ప్రీమియం తగ్గింది. తక్కువల పెట్టిన. నాన్నకు ఇంకా చెప్పలే."

ఆ గీత గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే కేసంతా దాని చుట్టూనే తిరిగింది. కొత్త బండికి ఐడీవీ ఎంత తగ్గాలో ఒక పట్టిక ఉంది. ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, అలా ఐదేళ్లకు 50 శాతం తరుగు. ఐదేళ్లు దాటాక పట్టిక లేదు. కంపెనీ, పాలసీదారు ఇద్దరూ ఒప్పుకున్నదే విలువ. ఆ ఒప్పుకోవడం ఈ రోజుల్లో ఫోన్ స్క్రీన్ మీద వేలితో గీత జరపడంగా మారింది. ఈ బండికి అప్పటి మార్కెట్‌లో లక్షా తొంభై వేల దాకా వచ్చేది. ఆమె పెట్టింది 1,32,000. ప్రీమియంలో మిగిలింది ఏడెనిమిది వందలు.

మొదటి ప్రయత్నం: రిపేర్

బండి బాగు చేయించుకోవాలన్నది ఆయన కోరిక. దాన్ని నేను క్లెయిమ్ ప్రశ్నగానే తీసుకున్నాను. అక్కడే తప్పాను. అయినా అప్పుడు నా ఆలోచన ఎలా సాగిందో చెబుతాను, ఎందుకంటే ఈ లెక్క వేరే కేసుల్లో పనిచేస్తుంది.

రిపేర్ ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్‌గా తీసుకుంటారు. చాలామంది వర్క్‌షాప్ ఎస్టిమేట్‌ను నేరుగా ఈ 75 శాతంతో పోలుస్తారు. పాలసీలో ఆ వాక్యం మధ్యలో "పాలసీ షరతులకు లోబడి" అనే మాట ఉంది. అంటే తరుగుదల తీసేశాక కంపెనీ మీద పడే ఖర్చును పోల్చాలని వాదించవచ్చు. పదేళ్లు దాటిన బండికి లోహపు భాగాల మీద 50 శాతం, ప్లాస్టిక్, రబ్బరు మీద 50 శాతం తరుగు పోతుంది. అద్దాలకు తరుగు లేదు. కూలీకి లేదు. పెయింటింగ్ మొత్తం బిల్లులో పావు వంతు రంగు సరుకు కింద లెక్కవేసి, దానిమీద సగం తీస్తారు. పాత బండి కాబట్టి, తరుగు తీయకుండా చెల్లించే జీరో డెప్ కవర్ కూడా లేదు. మామూలుగా ఈ తరుగుదల పాలసీదారుకు నష్టం. ఇక్కడ మాత్రం అదే బండిని టోటల్ లాస్ గీత కిందికి దింపగలదు అనుకున్నాను.

దానికి ముందు ఎస్టిమేట్ తగ్గాలి. నాకు తెలిసిన ఒక మేస్త్రీ ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా డెంటింగ్ చేస్తున్నాడు. కంపెనీకి మెయిల్ పెట్టి, 47వ రోజున బండిని అతని షెడ్‌కు మార్పించాను. దొరికినంతవరకు కారు కంపెనీ సామాన్లు, మిగతావి రాణిగంజ్ షాపుల్లో ధర కట్టి అతను 1,49,000 ఎస్టిమేట్ ఇచ్చాడు. అందులో సామాన్లు 84,000, కూలీ, పెయింటింగ్ కలిపి 65,000.

లెక్క వేశాం. సామాన్లలో అద్దాలు 8,000, అవి పూర్తిగా లెక్కలోకి వస్తాయి. మిగతా 76,000లో సగం, 38,000. రెండూ కలిపి 46,000. కూలీ, పెయింటింగ్ 65,000లో రంగు తరుగు 3,500 పోగా 61,500. మొత్తం 1,07,500. డిడక్టిబుల్ వెయ్యి తీస్తే 1,06,500. ఇక 1,32,000లో 75 శాతం 99,000.

ఏడున్నర వేలు ఎక్కువైంది. ఐడీవీ 1,90,000 ఉండుంటే ఆ గీత 1,42,500 దగ్గర ఉండేది, ఇదే ఎస్టిమేట్‌తో రిపేర్ క్లెయిమ్ హాయిగా నిలిచేది. కూతురు నా ఎదురుగానే కూర్చుని ఉంది. ఆ కాగితం మీది రెండు అంకెలను చాలాసేపు చూసింది. నేను ఏమీ అనలేదు.

ఐడీవీ తప్పు, మార్కెట్ ధర ఎక్కువ అని వాదించవచ్చు కదా అని సార్ అడిగారు. వాదించడానికి లేదని నేరుగా చెప్పాను. పాలసీలో ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్న అంకె అది. యాక్సిడెంట్ అయ్యాక దాన్ని పెంచమని అడగలేం. లేని ఆశ పెట్టడం కంటే ఆ రోజు కాదని చెప్పడమే మేలు అనిపించింది.

షెడ్‌లో

ఇంకా ఒక దారి మిగిలే ఉంది. క్యాష్ లాస్ కింద 79,000 తీసుకుని, బండి ఉంచుకుని, మిగతా డెబ్భై వేలు చేతి నుంచి పెట్టుకుని బాగు చేయించడం. సార్ దానికి సిద్ధం. పింఛను డబ్బు, ఆయన ఇష్టం. నేనూ సరే అనబోయాను. మేస్త్రీ ఒక్క నిమిషం ఆగమన్నాడు.

టేపు తెచ్చాడు. కుడివైపు వెనక తలుపు తీసి, ఆ ఖాళీలో ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలిచాడు. తర్వాత రెండో జత మూలలు. మళ్లీ ఎడమవైపు అదే కొలత. రెండు వైపులా ఒకేలా రావాల్సిన కొలత 18 మిల్లీమీటర్లు తేడా వచ్చింది. అప్పుడు ఎడమవైపు మధ్య పిల్లర్ అడుగున ఉన్న రబ్బరు లాగి చూపించాడు. స్పాట్ వెల్డింగ్ వరుస పొడవునా రంగు సన్నగా లేచిపోయి ఉంది, ఎండిన మట్టి నెర్రెలిచ్చినట్టు. సర్వేయర్ రిపోర్టులో "స్ట్రక్చర్ వంకర తిరిగింది, రిపేర్ సిఫార్సు చేయడం లేదు" అన్న లైనును నేను అప్పటికి రెండుసార్లు చదివాను. రిపేర్ ఇష్టం లేని కంపెనీ రాయించుకునే మాటలాగా తీసుకున్నాను. పాత సర్వేయర్‌ని అయ్యుండి నేనే వంగి చూడలేదు. ఆ లైను నిజం.

మేస్త్రీ సార్‌తోనే చెప్పాడు. "సార్, దీన్ని నడిపిస్త. రంగేస్తే మీకు తేడా కూడా తెల్వది. కానీ ఇంకోసారి ఎవడన్న గుద్దితే ఇది ఆపదు."

సార్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్న తన గురించి కాదు. "రంగేస్తే తేడా తెల్వదన్నవు గదా. మరి ఆ వేలంల కొన్నోడు రంగేసి అమ్మితే, కొనుక్కున్నోళ్లకు ఎట్ల తెలుస్తది?"

తెలియదు. 52,000 పెట్టి ఒక తుక్కు బండిని కొనేది తుక్కు కోసం కాదు. ప్రాణం ఉన్న ఆర్‌సీ కోసం, అంటే ఇంకా రద్దు కాని రిజిస్ట్రేషన్ కాగితం కోసం, రోడ్డు మీదికి తెచ్చి అమ్మడం కోసం. వ్యాపారంలో ఉన్న మాకందరికీ ఇది తెలిసిన విషయమే. ఏళ్ల తరబడి అలాంటి పాటలు రిపోర్టులకు జత చేసి పంపినవాణ్ని నేను. ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు, నన్ను నేను కూడా అడగలేదు.

"దాంట్ల ఎవరి పిల్లలు కూసుంటరో. వద్దు సార్. ఇది రోడ్డెక్కొద్దు."

ఆ మాటతో కేసు మారిపోయింది. అప్పటిదాకా మేము బండిని ఎలా ఉంచుకోవాలని చూస్తున్నాం. ఇప్పుడు దాన్ని ఎలా సాగనంపాలన్నది ప్రశ్న. సార్ కారు లోపలికి వంగి, పక్క సీటు కింద పడి ఉన్న మెత్తను అందుకున్నారు. వాననీళ్లు పీల్చి అట్టకట్టింది. నేతలో అద్దం రవ్వలు ఇరుక్కుని ఉన్నాయి. షెడ్ బయట స్టూలు మీద కూర్చుని ఆ రవ్వలను ఒక్కొక్కటే గోటితో తీసి, మేస్త్రీ ఇచ్చిన డబ్బా మూతలో వేస్తూ పోయారు. మెత్త సంగతి నాకు కూతురు చెప్పింది అప్పుడే.

రెండో దారి

ఆర్‌సీ రద్దు చేయించాలంటే సాల్వేజ్ ధర పడిపోతుంది. మేస్త్రీకి తెలిసిన తుక్కు వ్యాపారులను అడిగితే ఆర్‌సీ లేకుండా ఇరవై నాలుగు, ఇరవై ఐదు వేలు అన్నారు. కంపెనీ 52,000 మినహాయిస్తామనే పట్టుబడితే ఆ తేడా 28,000 సార్ జేబులోంచి పోతుంది. పైగా ఆ 52,000 పాట 50వ రోజుతో గడువు తీరిపోయింది. సార్ నా దగ్గరికి వచ్చినప్పుడు ఇంకా తొమ్మిది రోజులు ఉంది. ఆ తొమ్మిది రోజులను నేను రిపేర్ లెక్కల్లో ఖర్చు చేశాను. ముందే గడువు చూసి, పొడిగించమని ఒక మెయిల్ పెట్టి ఉండాల్సింది. పెట్టలేదు. ఆయనకు రావాల్సిన దాంట్లో 28,000 నా వల్ల ప్రమాదంలో పడింది. అదే రోజు ఆ సంగతి ఆయనకు చెప్పాను.

కంపెనీకి ఏం అడగాలి అన్నదాని మీద రెండు రోజులు ఆలోచించాం. చట్టంలో ఒక ఆధారం ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 55వ సెక్షన్ ప్రకారం, బండి ధ్వంసమైతే లేదా శాశ్వతంగా వాడకానికి పనికిరాకుండా పోతే, యజమాని 14 రోజుల్లో, లేదా వీలైనంత త్వరగా, రిజిస్ట్రేషన్ అధికారికి తెలిపి ఆర్‌సీ అప్పగించాలి. అయితే దీనిమీదే మొత్తం భారం వేయకూడదనిపించింది. మేస్త్రీ నడిపిస్తానన్న బండిని "శాశ్వతంగా పనికిరాదు" అంటే కంపెనీ కాదనగలదు. అందుకే వాళ్ల సర్వేయర్ రాసిన లైనునే ముందు పెట్టాం. స్ట్రక్చర్ పోయింది, రిపేర్ వద్దు అని మీరే రాశారు. అలాంటప్పుడు రిపేర్ చేసి నడిపే ధరకు వేలం ఎలా వేశారు? ఆర్‌సీ లేని లెక్కన మళ్లీ వేలం వేయండి, లేదా ఆ 52,000కు బండిని మీరే తీసుకుని 1,31,000 పూర్తిగా ఇవ్వండి.

సర్వేయర్ రిపోర్టే ఆఖరి మాట కాదని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని ఉదహరించమని కూతురు అడిగింది. వద్దన్నాను. ఇక్కడ మాకు ఆ రిపోర్టు తప్పని కాదు, నిజమని చెప్పాల్సిన అవసరం ఉంది.

రెండో ఆధారం తేదీలు. 2024 జూన్‌లో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం సర్వేయర్‌ను 24 గంటల్లో నియమించాలి, రిపోర్టు 15 రోజుల్లో రావాలి, ఆ తర్వాత 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. ఇక్కడ సర్వేయర్ వచ్చింది మూడో రోజు. రిపోర్టు తేదీ 27వ రోజు. పాట గడువు తీరిపోవడంలో కంపెనీ ఆలస్యం కూడా ఉంది.

ఉత్తరం ఒకే పేజీ. పైన క్లెయిమ్ నంబరు, మధ్యలో తేదీలు, కింద కోరిక. భార్య ప్రస్తావన లేదు. సార్ చదివి, "ఇందుల మేం ఎవ్వరం లేం" అన్నారు. అవును సార్, ఇందులో బండి మాత్రమే ఉంది అన్నాను. కాసేపాగి సంతకం పెట్టారు. 55వ రోజున కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు పంపి, అదే రోజు ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాలో కూడా నమోదు చేశాం.

కూతురు నేరుగా నానక్‌రామ్‌గూడలోని ఐఆర్‌డీఏఐ ఆఫీసుకే వెళ్దామంది. ఊళ్లోనే ఉంది కాబట్టి చాలామందికి ఆ ఆలోచన వస్తుంది. కానీ ఐఆర్‌డీఏఐ నియంత్రణ సంస్థ. ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు చెప్పిస్తుంది తప్ప, ఎవరికి ఎంత ఇవ్వాలో కూర్చుని తీర్పు చెప్పదు. ఆ పని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ది. ఆ ఆఫీసు లక్డీకాపూల్ దగ్గర ఉంది. కంపెనీకి రాసి, నెలరోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా అక్కడికి వెళ్లవచ్చు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. మేము ఆ ఫైలు కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాం. ఉత్తరం చివర్లో ఆ సంగతి ఒక్క లైనులో, బెదిరింపు లేకుండా రాశాం.

66వ రోజు మెయిల్ వచ్చింది. ఆర్‌సీ లేని లెక్కన మళ్లీ వేలం వేశారు. పాట 24,000. కంపెనీ ఇచ్చేది 1,07,000.

సంతకాలు

డబ్బు ఇచ్చేముందు కంపెనీ సంతకం తీసుకునే డిశ్చార్జ్ వోచర్‌లో "పూర్తి, తుది పరిష్కారం" అని ఉంది. తర్వాత ఏమీ అడగలేమా అని కూతురికి టెన్షన్. వోచర్ మీద సంతకం పెట్టినంత మాత్రాన పాలసీదారు హక్కు పోదని 2015లోనే ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇచ్చింది. ఇక్కడ అడగాల్సింది కూడా మిగల్లేదు కాబట్టి పెట్టమన్నాను.

తుక్కు వ్యాపారి మనిషి వచ్చి, ఫారం 29, 30 ఖాళీగా సంతకం పెట్టి ఇవ్వమన్నాడు, "అందరు ఇస్తరు సార్, రూల్ అది" అని. అలాంటి రూల్ ఏదీ లేదు. ఆ రెండూ ఓనర్‌షిప్ బదిలీ ఫారాలు. ఖాళీగా ఇస్తే బండి ఎవరి చేతుల్లోకి పోయినా, బదిలీ జరిగేదాకా రికార్డుల్లో ఓనర్ మీరే. రేపు అది ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం కేసు మీ ఇంటికి వస్తుంది. రికార్డులో పేరున్నవాడే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. మేము ఫారాలు ఇవ్వలేదు. చాసిస్ నంబరు ఉన్న ముక్క కోయించి తీసుకుని, ఆర్‌సీతో పాటు ఆర్‌టీఏ ఆఫీసులో రద్దుకు దరఖాస్తు పెట్టి, ఆ రసీదు కాపీ వ్యాపారికి ఇచ్చాకే బండి కదిలింది. ఫాస్టాగ్ ఖాతా కూడా అదే రోజు మూయించాం. ఇది ఎవరికీ గుర్తుండదు.

79వ రోజున డబ్బు ఖాతాలో పడింది. వర్క్‌షాప్ పార్కింగ్ బిల్లు 15,600 వేశారు. మాట్లాడి 8,000కు తగ్గించాం. అది కంపెనీ ఇవ్వలేదు, ఇవ్వాల్సిన అవసరం పాలసీలో లేదు కూడా. డీసీఎం మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దెబ్బలకు పరిహారం అడగవచ్చని, యాక్సిడెంట్ అయిన ఆరు నెలల్లోపు వేయాలని చెప్పాను. సార్ వద్దన్నారు. కారణం అడగలేదు.

వెనక్కి తిరిగి చూస్తే

1,07,000, 24,000 కలిపితే 1,31,000. అంటే మొదటి ఆఫర్ ఒప్పుకుని బండి ఇచ్చేసి ఉంటే వచ్చే మొత్తమే వచ్చింది. పార్కింగ్ ఖర్చు పోతే ఇంకా తక్కువ. ఈ కేసు చెప్పినప్పుడు ఒక జూనియర్ అడిగాడు, మరి ఏం సాధించినట్టు అని. డబ్బు అంకె ఆ రెన్యూవల్ రోజు ఫోన్ మీదే తేలిపోయింది. తర్వాత మేమెవరం దాన్ని మార్చగలిగేవాళ్లం కాదు. మార్చగలిగింది బండి ఎక్కడికి పోతుందన్నది. సార్‌కు కావాల్సింది కూడా అదే. అది ఆయనకే షెడ్‌లో నిలబడేదాకా తెలియలేదు. నేను మొదటి రోజే "బండి బాగు చేయించాలి" అన్న మాట వెనక ఏముందని ఒక ప్రశ్న అడిగి ఉంటే, ఆ తొమ్మిది రోజుల్లో పాట గడువు పోగొట్టుకునేవాళ్లం కాదు.

కూతురు రెన్యూవల్ సంగతి తండ్రికి చెప్పేసింది. నేను అక్కడ లేను. తర్వాత ఫోన్ చేసి చెప్పింది. "పోనియ్ బిడ్డా, అమ్మ ఉన్నా అదే చేస్తుండె" అన్నారట.

అప్పటి నుంచి నా దగ్గరికి ఏ టోటల్ లాస్ కేసు వచ్చినా పని చేసే వరుస మార్చాను. మొట్టమొదట సాల్వేజ్ పాట గడువు తేదీ చూసి, అవసరమైతే ఆ గంటలోనే పొడిగింపు కోరుతూ మెయిల్ పెట్టిస్తాను. రిపేర్ మాట ఎత్తేముందు తలుపుల ఖాళీలు టేపుతో నేనే కొలుస్తాను. సాల్వేజ్ పాట ఆర్‌సీతోనా, ఆర్‌సీ లేకుండానా అని రాతపూర్వకంగా అడుగుతాను. ఐదేళ్లు దాటిన బండి ఉన్న ప్రతివాళ్లకూ, రెన్యూవల్‌కు ముందు అలాంటి బండి మార్కెట్‌లో ఎంతకు పోతోందో చూసుకుని, ఆ విలువకు దగ్గరగా ఐడీవీ పెట్టుకోమని చెబుతాను. ఐదేళ్ల లోపు బండి అయితే కొన్న ధర ఇప్పించే రిటర్న్ టు ఇన్‌వాయిస్ కవర్ దొరుకుతుందేమో అడగమంటాను.

క్లెయిమ్ ఫారం ముట్టుకోకముందు ఇంకో కాగితం ఇస్తున్నాను. బండిలో మీ సొంత వస్తువులు ఏమేం ఉన్నాయో రాయండి, సర్వేయర్ వచ్చేలోపు ఫొటోలు తీసి ఇంటికి తెచ్చుకోండి అని. బండికి బిగించి ఉన్నవి సాల్వేజ్‌లో భాగం, అవి కొనుగోలుదారుకు పోతాయి. మిగతావి మీవి. క్రేన్ కదలకముందే ఆ కాగితం నింపమంటాను.